చేతులు కట్టుకున్న రొట్టె కోసం కోరుట్ల దాకా

ప్రెట్జెల్ నాకు తిండి కంటే ముందు జోకుగా పరిచయమైంది. విదేశీ కామెడీ సీరియళ్లలో ఎవడైనా యోగాసనం వేయబోయి కాళ్లూ చేతులూ చిక్కుపడితే, పక్కవాడు వాణ్ని ప్రెట్జెల్‌తో పోలుస్తాడు. కనబడని జనం పకపకా నవ్వుతారు. ఇంగ్లిష్ ఎమ్మే చదివిన రెండేళ్లలో ఆ నవ్వు ఎందుకో తెలుసుకున్నాను గానీ ఆ వస్తువు రుచి ఏమిటో ఎవరూ చెప్పలేదు. విశ్వవిద్యాలయం మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది చిన్నది.

చూడనివారి కోసం చెబుతాను. లావుపాటి పిండి తాడును మెలిపెట్టి, రెండు కొసలూ మళ్లీ పొట్ట మీదికి తెచ్చి అతికించి, పైన ఉప్పు రాళ్లు చల్లి కాలుస్తారు. ఎవరో చేతులు కట్టుకుని నిలబడి మనల్ని తప్పుపడుతున్నట్టు ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని బీరుతో నంజుకుంటారట. ఫోన్లో దానికి ఒక బొమ్మ కూడా ఉంది. మా జంతికకు ఇప్పటికీ లేదు.

ఇలా ఉండగా ఒక రీలు మా తెనాలి దాకా వచ్చింది. కోరుట్లలో ఒక తోపుడుబండి, దాని మీద "దుబాయ్ ప్రెట్జెల్" అని బోర్డు. ఊళ్లలో కామెడీ వీడియోలు తీసే ఒక మీసాల కుర్రాడు ఆ బండి మీదనుంచి ఒక ప్రెట్జెల్ ఎత్తి, "గిదేందిరా వారీ! సకినానికి సలి వెట్టిందా, చేతులు కట్టుకున్నది?" అని, తనూ చేతులు ఛాతీ మీద కట్టుకుని గజగజ వణుకుతాడు. సకినమంటే బియ్యప్పిండిని చుట్లుగా చుట్టి నూనెలో వేయించే తెలంగాణ పిండివంట. రీలు మొత్తం అంతే. నేను దాన్ని పదిసార్లు చూసి పదిసార్లూ నవ్వాను. పదకొండోసారికి మా ఆవిడ, "అంత బాగుంటే వెళ్లి తినిరాకూడదూ?" అంది. ఆవిడ వెటకారానికే అంది. ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసేవాడికి సెలవు పెట్టడానికి అంతకన్నా బలమైన కారణం దొరకదు.

జగిత్యాల: తాళ్లు కట్టిన అట్టపెట్టె

జగిత్యాల బస్టాండులో దిగగానే నన్ను పలకరించింది ఒక అట్టపెట్టె. నాలుగువైపులా నైలాను తాడు, ఆరువైపులా నల్లటి ఇంకుతో ఒకే పేరు, ఊరు, ఫోను నంబరు. పెట్టె చుట్టూ పన్నెండుమంది బంధువులు, మధ్యలో కొత్త చొక్కా వేసుకుని, ఎక్కడ చూడాలో తెలియక పెట్టెనే చూస్తున్న ఒక యువకుడు. గల్ఫుకు పోతున్నాడని ఎవరూ చెప్పక్కర్లేదు.

మా వైపు ఊరికి పోయేవాడు తన సామాను తను తీసుకుపోతాడు. ఇక్కడ పోయేవాడు వాడ మొత్తం సామాను తీసుకుపోతాడు. ఎదురింటివాళ్ల అబ్బాయికి మామిడికాయ తొక్కు, వెనకింటాయనకు బీపీ గోలీలు, ఎవరి తమ్ముడికో సకినాలు. తన బట్టలకు మిగిలిన జాగాలో తన బట్టలు. ఒక పెద్దావిడ చివరి నిమిషంలో ఇంకో పొట్లం తెచ్చింది.

"గిది మా చిన్నోనికియ్యి బిడ్డా. గారెలే. అల్కగున్నయ్."

"అల్కగున్నయని అందరంటున్నరు పెద్దమ్మా! అన్నీ కలిస్తే గాలిమోటరు లేస్తదా?"

అందరూ నవ్వారు. ఆమె పొట్లం మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ కుర్రాడు తన చెప్పుల జత తీసి తమ్ముడి చేతికిచ్చి ఆ జాగాలో గారెలు దూర్చాడు. పెట్టెను బస్సు డిక్కీలోకి ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. నా నడుము ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

బస్సు కదిలాక, అప్పటిదాకా జోకులు వేసినవాళ్లంతా ఒక్కసారిగా తమ తమ ఫోన్లలోకి చూసుకున్నారు. నేను దగ్గరలో ఒకావిడ అమ్ముతున్న సర్వపిండి కొనుక్కున్నాను. గిన్నె అడుగున బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం కలిపి అదిమి కాల్చే రొట్టె. మా తపాలాచెక్కకు దూరపు చుట్టం, కానీ కోపం ఎక్కువ. ముప్పై రూపాయలు. నా కళ్లలో నీళ్లు చూసి ఆమె మంచినీళ్లు ఉచితంగా ఇచ్చింది.

"యేడికి పోతుండ్రు సార్?"

"కోరుట్ల. ప్రెట్జెల్ తినడానికి."

ఆమె ఒక్క క్షణం నన్ను పరిశీలించి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని వణికింది. పక్కన చాయ్ తాగుతున్న ఆటో డ్రైవరు కూడా వణికాడు. నేను సరైన జిల్లాకే వచ్చాను.

కోరుట్ల: సెల్ఫీల బండి

కోరుట్లలో సాయంత్రం గాలికి పసుపు వాసన ఉంటుంది. ఎక్కడో ఉడకబెడుతుంటారు, లేదా ఎక్కడో ఎండబెడుతుంటారు. బండి వెతుక్కోనక్కర్లేకపోయింది. జనం మూగి ఉన్నారు. ఒకరి తరువాత ఒకరు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, ఫోటో దిగి, వెళ్లిపోతున్నారు. గాజు పెట్టెలో ప్రెట్జెళ్లు కూడా చేతులు కట్టుకునే ఉన్నాయి. వాటికీ జనానికీ మధ్య ఒక సన్నటి మనిషి, దుబాయ్ మాల్‌లో ఇచ్చిన ఎర్రటి టోపీతో, ఎవరు ఫోటో తీస్తున్నా కొంచెం పక్కకు జరుగుతూ నిలబడ్డాడు. అతనే గంగాధర్.

"మీరు గూడ సెల్ఫీనా సార్?" అన్నాడు.

"లేదు, తింటాను."

అతను నన్ను నమ్మలేదు. ఇరవై అయిదు రూపాయలు చేతిలో పెట్టాక కూడా సగమే నమ్మాడు. నేను కొరికాను.

ఇరవయ్యేళ్లుగా జోకుగా మాత్రమే తెలిసిన వస్తువు నోట్లోకి వచ్చినప్పుడు ఏమవుతుందో రాయడం కష్టం. పైన గోధుమరంగు పొర పెళుసుగా, లోపల పత్తిలా మెత్తగా, మధ్యమధ్య ఉప్పురాయి పంటికి తగిలి చిటుక్కుమంది. ఆ ఉప్పురాయి దగ్గర నాకు చిన్న కేక వచ్చింది. జనం వెనక్కి తిరిగి చూశారు. నేను గౌరవంగా దగ్గి, ఇంకొకటి ఇమ్మన్నాను.

గంగాధర్ నవ్వడం అప్పుడు చూశాను. "ఉప్పు మనదే సార్. దొడ్డుప్పు. ఆడ ఉప్పు డబ్బల అస్తది, గీ ఉప్పు ముంగట గదేం పనికిరాదు."

ముందు దుబాయ్‌లో ఇటుకలు మోశాడట. తరువాత మాల్‌లోని ప్రెట్జెల్ దుకాణంలో నేల తుడిచే పని. ఒకరోజు పిండి మెలిపెట్టే ఫిలిప్పీన్స్ అతనికి జ్వరమొస్తే, "నీకొచ్చా?" అని మేనేజరు అడిగాడు. "అస్తదన్న. రాదనేటోడు దుబాయ్ ఎందుకు పోతడు సార్?" కరోనా కాలంలో మాల్ మూతపడి తిరిగొచ్చేదాకా అదే పని. ఇక్కడికొచ్చాక కొన్నాళ్లు పసుపు మిల్లులో కూలి చేసి, ఆఖరికి సెకండ్‌హ్యాండు ఓవెన్ కొని ఈ బండి పెట్టాడు. రీలు వచ్చింది. ఊరంతటికీ అతని ప్రెట్జెల్ తెలుసు. తిన్నవాళ్లు తక్కువ.

"ఫేమస్ అయిన సార్," అన్నాడు. "బండి మాత్రం గిట్లనే ఉన్నది."

బండి వెనక స్టూలు మీద కూర్చుని పిండి తాళ్లు చేస్తున్న అతని భార్య లావణ్య తలెత్తకుండానే అసలు సంగతి చెప్పింది. "పాత దుకాణమోళ్లు మల్ల వీసా పంపిండ్రు సార్. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరున్నది. సోమారం పొద్దూకేవరకు పోతవా, ఉంటవా చెప్పమంటుండు."

"మరి ఏం చెబుతారు?" అన్నాను.

గంగాధర్ గాజు తుడవడం మొదలుపెట్టాడు. జవాబు లావణ్యే ఇచ్చింది. "సిరిసిల్లల, ఈయనతోని దుబాయ్ క్యాంపుల ఉన్నాయన చాయ్ హోటల్ పెట్టిండు. సోమారం రెండు పెట్టెలు తెమ్మన్నడు. గవి అమ్ముడువోతే రోజూ తీస్కుంటడట. పోకపోతే ఈయన పోతడు." ఆమె బీడీలు చుట్టి పెరిగిన మనిషి, మాట్లాడుతూ ఉండగానే వేళ్ల కింద మెలిక పడిపోయింది. "పెండ్లయినంక ఈయన మొఖం నేను ఫోన్ల సూసిందే ఎక్కువ. ఫోన్లయితే నవ్వుకుంటనే ఉంటడు. ఇంట్ల ఉంటేనే గిట్ల మొఖం వెట్టుకుంటడు. గయినా గీ మొఖమే బాగుంది నాకు."

నేను తెనాలి తిరుగు టికెట్టు మార్చుకున్నాను. ప్రెట్జెల్ గురించి జోకు వినడానికి వచ్చినవాణ్ని, దాని తీర్పు వినకుండా పోవడం మర్యాద కాదు.

ఆదివారం: మోరీ పొంగింది

మర్నాడు గంగాధర్ ఇంటికి భోజనానికి పిలిచాడు. నేను వెళ్లేసరికి భోజనం కన్నా ముందు గొడవ వడ్డిస్తున్నారు.

ఆర్డరుకు సాయం చేయడానికి లావణ్య తల్లి మల్లవ్వ ముందురోజే రాయికల్ నుంచి వచ్చింది. కల్లు గీసే ఇంటి మనిషి. ఆమె భర్త చెట్టు మీదనుంచి పడి నడుము విరిగి మంచాన ఉంటే, తమ్ముడు గీసిన కల్లు అమ్మి సంసారం నడిపింది. ఆ వైపు కొన్నిచోట్ల మత్తు పెరగడానికి కల్లులో ఏవో పొడులు కలుపుతారు. అధికారులు పట్టుకుంటే దుకాణం మూత, మనుషులు జైలు, ఊళ్లో పరువు నీళ్లపాలు. అందుకని, కల్లు ఇంట్లో పేరు లేని పొట్లం కనబడితే లోపలేముందని ఎవరూ అడగరు.

ఆ పొద్దున మల్లవ్వ చింతపండు వెతుకుతుంటే, అటక మీద, బియ్యం డబ్బా వెనక, డబ్బాలో డబ్బా, దాంట్లో పేరు లేని ప్లాస్టిక్ కవరు, అందులో గోధుమరంగు రవ్వలాంటి పొడి దొరికింది. అది పిండిని పొంగించే ఈస్టు. చీమలు పట్టకుండా, ఎండ తగలకుండా గంగాధర్ దాచాడు. మల్లవ్వ దాన్ని వాసన చూసింది. కల్లు వాసన వచ్చింది. ఇక ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. తీసుకెళ్లి ఇంటి ముందున్న మోరీలో, అంటే మురుగుకాలువలో, పోసింది. ఆనవాలు మిగలకూడదని, వార్చిపెట్టిన వెచ్చటి గంజి కూడా దాని మీద పోసింది.

ఈస్టుకు వెచ్చటి గంజి దొరికితే ఏం చేస్తుందో చదువుకున్నవాళ్లు ఊహించగలరు. నేను చదువుకున్నవాణ్నే, కానీ చూసేదాకా ఊహించలేదు. ఎండకు మోరీ పొంగింది. తెల్లటి నురగ గట్టు దాటి, పక్కింటి ముగ్గు మీదికి నెమ్మదిగా, హుందాగా నడిచింది. మూడిళ్లవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఒక కోడి దాని దగ్గరికెళ్లి, ఆలోచించి, వెనక్కి వచ్చింది.

"సూడు అల్లుడా, సూడు!" మల్లవ్వ నురగ వైపు వేలు చూపిస్తోంది. "మోరే నురగలు కక్కుతుంది! గిది మనుషులకు పోసేదా? ఇన్నేండ్లల్ల మా ఇంట్ల పొడి కలిపినోడు లేడు. దుబాయ్ పోయి గిది నేర్సుకున్నవా?"

"అత్తమ్మా, గది పిండిల ఏసేది! రొట్టె పొంగనీకి!"

"పొంగుతదని నాకు తెల్వదా? కనవడ్తనే ఉన్నది గదా!"

గంగాధర్ అరుగు మీద కూలబడ్డాడు. లావణ్య తల్లినీ భర్తనూ మార్చి మార్చి చూసి, నవ్వాలో ఏడవాలో తేలక చెంగు నోట్లో కుక్కుకుంది. రేపు మధ్యాహ్నానికి రెండు పెట్టెలు కావాలి. ఈస్టు హైదరాబాదు నుంచి తెప్పించుకున్నది. ఊళ్లో బేకరీలు చాలావరకు నిజామాబాద్ నుంచి రొట్టె తెచ్చుకునేవే. కాల్చే బేకరీ ఒక్కటి ఉంటే నేనూ గంగాధరూ పోయి అడిగాం. బేకరీ యజమాని ముందు చేతులు కట్టుకుని వణికి, రీలు మస్తుందని మెచ్చుకుని, ఉన్న ఈస్టు రాత్రికి తన రొట్టెలకే చాలదని, మంగళవారం రమ్మన్నాడు. మంగళవారానికి గంగాధర్ సంగతి తేలిపోయి ఉంటుంది.

తిరిగొచ్చేసరికి పప్పుచారు చల్లారిపోయింది. మల్లవ్వకు ఎవరు నచ్చజెప్పారో, తప్పు తెలిసింది. తెలిసినా ఒప్పుకోలేదు. "పేరు రాసి పెట్టుకోవాలె. ఇంట్ల ఆడోళ్లకు చెప్పాలె. దొంగలెక్క దాసుకుంటే నేనేమనుకోవాలె?" అని అన్నం వడ్డిస్తూనే సణిగింది. అల్లుడి పళ్లెంలో మాత్రం నెయ్యి రెండుసార్లు వేసింది.

గంగాధర్ సగం తిని ఆగిపోయాడు. "క్యాంపుల మా రూముల ఒక కేరళాయన ఉంటుండె," అన్నాడు మెల్లగా. "వాళ్లమ్మ అట్లు పోస్తే పిండిల కల్లు కలుపుతదని చెప్తుండె. పొద్దటి కల్లు. పిండి దూదిలెక్క పొంగుతదట."

"తాగేదాన్ని పిండిల పిసుకుతవా?" అంది మల్లవ్వ. "ఎవడన్న తింటడా?"

"పొడి లేని కల్లయితేనే పొంగుతదట అత్తమ్మా. మందు కలిపింది పనికి రాదట."

ఆ రెండో వాక్యం కేరళాయన చెప్పాడో గంగాధరే అప్పటికప్పుడు కల్పించాడో నాకు తెలియదు. మల్లవ్వ గరిటె కింద పెట్టి, కొంగు దోపుకుంది.

సోమవారం పొద్దున: ఈతవనం

ఊరి బయట ఈతవనంలో మల్లవ్వకు వరుసకు తమ్ముడయ్యే ఒకతను కల్లు గీస్తాడు. నేనూ వెళ్లాను. చెట్టు దిగుతూనే అతను ఆమె చేతిలోని పెద్ద బిందెను చూశాడు.

"అక్కా, గింత కల్లెవలికే? అల్లుడు దుబాయ్ పోతుండని దావతా?"

"పోకుంట ఉండనీకి," అంది మల్లవ్వ. "మాటలు తర్వాత. గా మూల చెట్టుది పొయ్యి."

మూల చెట్టు కల్లు రుచి చూసి పుల్లగా ఉందంది. ఇంకో చెట్టుది తియ్యగా ఉందంది. అతను అయిదు లొట్లు, అంటే కల్లుకుండలు, దింపాక, అక్క తన కల్లు కొనడానికి వచ్చిందా తనను పరీక్షించడానికి వచ్చిందా అని నన్నడిగాడు. రుచి చూడకుండా రాయడం పాఠకులను మోసగించడమవుతుంది కనుక నేనూ ఒక ఆకుదొప్పెడు తాగాను. చల్లగా, తియ్యగా, చివర్లో చిన్న చురుకు. పాఠకుల పట్ల నా బాధ్యత పెద్దది కావడంతో ఇంకో దొప్పెడు కూడా తాగాను.

ఇంటికొచ్చి ఆ కల్లును గుడ్డలో వడకట్టి, మైదా, కొంచెం చక్కెర వేసి కలిపి, తడిగుడ్డ కప్పి ఎండలో పెట్టాం. తరువాత నలుగురం చుట్టూ కూర్చుని గిన్నెను చూడడం తప్ప చేసేదేమీ లేకపోయింది. గంట గడిచింది. పిండి మామూలుగా, ఏమీ పట్టనట్టు కూర్చుంది. లావణ్య గుడ్డ ఎత్తి చూసింది. మల్లవ్వ కసిరింది. మళ్లీ గంట. గంగాధర్ అటూ ఇటూ నడిచాడు. అతని ఫోను మోగింది, ఏజెంటు. "సాయంత్రం చెప్తనన్న గదన్నా," అని పెట్టేశాడు. ఫోను జేబులో పెట్టి గిన్నె వైపు తిరిగాడు.

తడిగుడ్డ మధ్యలో చిన్న గుట్ట లేచింది.

"అమ్మా!" అని అరిచింది లావణ్య. నేనూ అరిచాను. అరవడానికి నాకు ఏ హక్కూ లేదు, అయినా అరిచాను. మల్లవ్వ ఒక్కతే అరవలేదు. గుడ్డ తీసి, పొంగిన పిండిని వేలితో ఒకసారి నొక్కి, "కల్లు మంచిదయితే గట్లనే లేస్తది," అంది, ఎప్పటినుంచో తెలిసిన సంగతే అన్నట్టు.

ఆ తరువాతి రెండు గంటలు ఆ ఇంట్లో యుద్ధం. గంగాధర్ తాళ్లు చేస్తే లావణ్య మెలిపెట్టింది, మల్లవ్వ మరిగే వంటసోడా నీళ్లలో ముంచి తీసింది, నేను దొడ్డుప్పు చల్లాను. తొందరలో లావణ్య వేళ్లు మరిచిపోయి పాత అలవాటు కొద్దీ చుట్లు చుట్టేశాయి. దాంతో ప్రతి తట్టలో రెండు మూడు పెద్ద సకినాలు తయారయ్యాయి. "ఏంగాదు, గవి సలి లేనియి," అన్నాడు గంగాధర్. రీలు మీద అతను జోకు వేయడం నేను వినడం అదే మొదటిసారి.

నేను చేసిన ఒకే ఒక్క తప్పు, ఒక తట్టకు రెండుసార్లు ఉప్పు చల్లడం. ఆ తట్టను మల్లవ్వ విడిగా పెట్టి, "గివి తాగెటోళ్లకు," అంది.

సిరిసిల్ల: చప్పుడులో సైగలు

రెండు పెట్టెలు ఒళ్లో పెట్టుకుని నేనూ గంగాధరూ ఆర్టీసీ బస్సులో బయల్దేరాం. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోయి, వాసన పట్టి, ఏముందని అడిగాడు. తరువాత టికెట్టు కొట్టలేదు. ఒక పెట్టెలో ఒకటి తగ్గింది.

సిరిసిల్లలో చెవులకు ముందు పని పడుతుంది. మరమగ్గాల షెడ్లున్న వీధిలో టకటక చప్పుడు నేల నుంచి కాళ్లలోకి ఎక్కుతుంది. కానీ అన్ని షెడ్లూ మోగడం లేదు. ఒకటి మోగితే పక్కది నిశ్శబ్దం. నూలు బాకీలు, ఆగిపోయిన ఆర్డర్లు, మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు వెళ్లిపోయిన కుటుంబాలు. తాళం వేసిన ఒక షెడ్డు గోడకు ఆనుకునే సత్తయ్య చాయ్ హోటల్. గంగాధర్‌తో క్యాంపులో ఒకే గదిలో ఉన్న మనిషి. పద్మశాలి ఇంటివాడై ఉండీ మగ్గం వదిలి దుబాయ్ పోయి, దుబాయ్ వదిలి చాయ్ పెట్టాడు.

"షిఫ్ట్ మారెటప్పుడు జనమస్తరు," అన్నాడు మా చెవుల్లో అరుస్తూ. "నేనేం చెప్ప. అమ్ముడువోతే పోతయ్, లేకుంటే లేదు. నారాజ్ కావద్దు."

ఒక నూలు పోగు తీసి ప్రెట్జెళ్ల కన్నాల్లోంచి దండలా గుచ్చి, హోటల్ ముందు కట్టాడు. బాగుంది. చాలాసేపు బాగానే ఉంది, ఎందుకంటే ఎవరూ ముట్టలేదు. జనం వచ్చారు, చాయ్ తాగారు, మిర్చి బజ్జీ తిన్నారు. దండను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి ఒక కుర్రాడు గుర్తుపట్టి, "అరే, సలివెట్టిన సకినం!" అని చేతులు కట్టుకుని వణికాడు. హోటలంతా గొల్లుమంది. గంగాధర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, తలుపు పక్కకు జరిగాడు. ఆ జరగడం నేను కోరుట్లలో చూశాను.

మూలన కూర్చున్న, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఒకావిడ లేచి దండ దగ్గరికి వచ్చింది. "నవ్వుతాండ్రు గని ఒక్కలన్న తిన్నరా?" అని ఒకటి తెంపి, సగం విరిచి నమిలింది. అందరూ చూస్తున్నారు. ఆమె ఇంకోసారి నమిలింది.

"ఏందో కల్లు తాగినట్టున్నదయ్యా," అంది. "పొద్దటి కల్లు. సత్తన్నా, గిసొంటిది చాయ్ల ముంచుతవా? గుడాలు పెట్టు గిన్ని."

ఉడకబెట్టిన శనగలను ఇక్కడ గుడాలంటారు. సత్తయ్య గుడాలు పెట్టాడు. ప్రెట్జెల్ ముక్కతో గుడాలను ఎత్తి తినడం మొదలైంది. ఇద్దరు, నలుగురు. "దుబాయ్ నుంచి నువ్వచ్చినవ్, భివండికి మేం పోతున్నం, మధ్యల గీ సకినం నిలవడ్డది," అని ఒక నడివయసాయన రెండు కొని జేబులో వేసుకున్నాడు. విచిత్రమేమంటే ఎవరూ దాన్ని పేరుపెట్టి అడగలేదు. నోరు తిరగదు, చప్పుడులో వినబడదు. ప్రతివాడూ వచ్చి చేతులు కట్టుకుని వణుకుతాడు, డబ్బులిస్తాడు, తీసుకుంటాడు.

మగ్గాల మధ్య బతికేవాళ్లు సగం మాటలు చేతులతోనే చెప్పుకుంటారు. ఎదుటి షెడ్డు కిటికీలోంచి ఒకతను సత్తయ్యను చూసి రెండు చేతులూ ఛాతీ మీద కట్టి, తరువాత నాలుగు వేళ్లు చూపించాడు. సత్తయ్య తలూపి నాలుగు తెంపాడు. పక్క కిటికీలోంచి ఇంకొకరు చేతులు కట్టి, ఆరు వేళ్లు. నేను గంగాధర్ వైపు చూశాను. అతను టోపీ మళ్లీ పెట్టుకుని, కిటికీల వైపే చూస్తూ, పక్కకు జరగడం మానేశాడు.

నేను ఎగిరి గంతేయలేదు. స్టూలు కొంచెం కదిలింది, అంతే.

షిఫ్టు అయిపోయేసరికి ఒక పెట్టె పూర్తిగా ఖాళీ. రెండో పెట్టెలో ముప్పాతిక మిగిలాయి. సత్తయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు.

"రెండు పెట్టెలంటే రోజూ కష్టం గంగాధర్. ఒక్క పెట్టె అయితే తీస్కుంట. గీ కల్లుదే కావాలె. మగ్గాలు నడిస్తే రెండు, బందయితే అది గూడ ఉంటదో ఉండదో. నీకు ఎరికే గదా."

"ఎరికే," అన్నాడు గంగాధర్.

తిరుగు బస్సు

కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతను మిగిలిన పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. బయట వరిపొలాలు, మధ్యమధ్య గోడల దాకా లేచి ఆగిపోయిన గల్ఫు ఇళ్లు, ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ.

"ఆడ నెలకు ఒకటే తారీఖున జీతం పడేది సార్," అన్నాడు. "మగ్గాలు నడిచినా పడేది, బందయినా పడేది."

నేను ఏం చెప్పినా అది ఇన్సూరెన్సువాడి సలహా అవుతుంది.

ఏజెంటు ఫోను వచ్చింది. గంగాధర్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఈసారి లావణ్య. బస్సు చప్పుడుకు స్పీకరు పెట్టాడు.

ఆమె ఎన్ని అమ్ముడుపోయాయని అడగలేదు. వీసా మాట ఎత్తలేదు. "అమ్మ ఆఖరి బస్సుకు రాయికల్ పోతనంటుంది," అంది. "పోనియ్యాల్నా? రేపు పొద్దుగాల కల్లు తెచ్చేదుందా?"

గంగాధర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఉండుమను," అన్నాడు.

"మరి నువ్వు?"

"నేను గూడ."

ఇంతలో ఫోను ఎవరో లాక్కున్నట్టు గరగరమంది, మల్లవ్వ గొంతు బస్సు సగానికి వినిపించింది:

"అల్లుడా, అచ్చేటప్పుడు మైదా సంచి పట్కరా. ఇంట్ల పిండి వొడిసింది."

బస్టాండులో దిగి, అతను ముందు ఏజెంటు దుకాణానికి పోయి పాస్‌పోర్టు అడిగి తెచ్చుకున్నాడు. తరువాత ఇద్దరం కిరాణా కొట్టుకు పోయాం. సంచి ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒక కొస నేను.